మేస్త్రికి పెట్టిన ముఖం

ఆయనను నేను సార్ అనే పిలిచేదాన్ని. ఇప్పుడు కాలేజీలో పిల్లలు ఆయనను వెనకాల మరో పేరుతో పిలుస్తారు. ఆ పేరు రావడానికి కారణం నేనే. అందుకు నాకు విచారం లేదని ముందే చెప్పేస్తే మంచిది. ఈ సంగతి విన్నవాళ్లలో చాలామంది చివరికి నేను కళ్లనీళ్లు పెట్టుకుని ఆయనకు క్షమాపణ చెప్పి ఉంటానని అనుకుంటారు. చెప్పలేదు.

నేను కర్నూలులో మగ్గం వర్కు డిజైన్లు గీస్తాను. పెళ్లి జాకెట్ల మీదికి నెమళ్లు, తామరలు, ఏనుగులు కావాలంటారు. ఈమధ్య పెళ్లికొడుకు, పెళ్లికూతురు ముఖాలు కూడా వీపు మీద కుట్టించుకుంటున్నారు. నేను బట్టర్ పేపరు మీద బొమ్మ గీసి, గీత వెంబడి సూదితో సన్నగా చిల్లులు పొడిచి ఇస్తాను. మగ్గం పనివాళ్లు ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరసనాయిలులో కలిపిన తెల్ల పొడి రుద్దుతారు. చిల్లుల్లోంచి బొమ్మ గుడ్డ మీదికి దిగుతుంది. అక్కడితో నా పని అయిపోతుంది. జాకెట్టు చూసి మెచ్చుకున్నవాళ్లెవరూ బొమ్మ ఎవరు గీశారని అడగరు. దానికి నేనెప్పుడూ బాధపడలేదు. ఆ పని తీరే అంత.

మా ఊరు బేతంచెర్ల పక్కన ఒక పల్లె. చుట్టూ నాపరాళ్ల గనులు. మా అమ్మ పద్దెనిమిదేళ్లు గనిలో పని చేసింది. మగవాళ్లు గడ్డపారలతో పొరలు లేపితే ఆడవాళ్లు బండలను గట్టు మీదికి మోసేవాళ్లు. చేతివాటం ఉన్న ఒకరిద్దరు సుత్తి, ఉలి పట్టుకుని అంచులు చెక్కేవాళ్లు. మా అమ్మ చెక్కేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక పొద్దున, నిలబెట్టిన బండల వరస జారి, మా అమ్మకు జోడీగా పనిచేసే ఆమె కాలి మీద పడింది. ఆమెను నేను చిన్నమ్మ అనేదాన్ని. చుట్టరికం లేదు, ఇంటిపక్క మనిషి. మోకాలి కింద కాలు తీసేశారు. ఆ సాయంత్రమే గని మేస్త్రి హాజరు పుస్తకంలో ఆమె పేరు కొట్టేశాడు. యజమాని తరఫు మనిషి వచ్చి అడిగితే, ఆమె ఆ పొద్దు పనికే రాలేదని, ఎందుకు గనిలోకి దిగిందో తనకు తెలియదని చెప్పాడు. పుస్తకం తెరిచి చూపించాడు కూడా. అక్కడున్న ఆడవాళ్లలో ఒక్కరికీ చదువు రాదు.

మరుసటి రోజు మా అమ్మ మధ్యాహ్నం బడికొచ్చి నన్ను గనికి తీసుకుపోయింది. అక్కడ ఆడవాళ్లంతా ఒక పెద్ద బండ చుట్టూ నిలబడి ఉన్నారు. అమ్మ నా చేతిలో సుద్దముక్క పెట్టి, "చిన్నమ్మ పేరు రాయి. పెద్దగా రాయి," అంది. నేను బండ మీద మోకాళ్లేసుకుని రాశాను. నా గీతల వెంబడి అమ్మ ఉలితో చెక్కుకుంటూ వచ్చింది. తను చెక్కుతున్నది ఏ అక్షరమో ఆమెకు తెలియదు, కానీ ఎక్కడా గీత దాటలేదు. తర్వాత అందరూ కలిసి ఆ బండను మోసి గని ఆఫీసు వాకిట్లో నిలబెట్టారు.

"హాజరు ఈడ ఉండాది. చదువుకో," అని మా అమ్మ మేస్త్రితో అంది.

ఆ తర్వాత వాళ్లెవరూ ఒక్క బండ ముట్టలేదు. చిన్నమ్మ ఆ రోజు పనికి వచ్చిందని యజమాని తన నోటితో ఒప్పుకునేదాకా కూర్చున్నారు. మేస్త్రి గని వదిలి వెళ్లిపోయాడు. జరిగింది ఇంతే. మా ఊళ్లో ఇప్పుడు ఇది పెద్దగా ఎవరికీ గుర్తు లేదు.

నాలుగేళ్ల కిందట అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. పాతూరులో మేడ మీద మావి రెండు గదులు. పని లేనప్పుడు నేను మిగిలిపోయిన బట్టర్ పేపరు ముక్కల మీద ఆ గనిని గీసేదాన్ని. అమ్మ చేతులు, బండ, ఉలి. ఒకటి రెండు ఫోన్లో పెట్టాను. వాటిని చూసి సార్ నాకు మెసేజి పంపారు.

ఆయన కడపలో తెలుగు లెక్చరరు. కథలు రాస్తారు. ఏ పెద్ద పత్రికా, పెద్ద ప్రచురణ సంస్థా పట్టించుకోని మన బతుకుల్ని బొమ్మల కథలుగా చేసి మనమే అచ్చు వేసుకోవాలని ఆయన కోరిక. "నాకు గీత రాదమ్మా. నువ్వు గీస్తే నేను రాస్తాను. చెరి సగం," అన్నారు మొదటి ఫోనులోనే. నాకు ఆ చెరి సగం అనే మాట అప్పట్లో చాలా నచ్చింది.

ఒక ఆదివారం ఆయన కడప నుంచి పొద్దున బస్సుకి వచ్చారు. అమ్మ దగ్గర కూర్చుని గని సంగతంతా చెప్పించుకున్నారు. ఫోనులో రికార్డు చేసుకున్నారు. ఆయన బాగా వినేవారు. ఆ మాట ఒప్పుకోవాలి. అమ్మ మధ్యలో ఆగితే తొందరపెట్టేవారు కాదు. ఆ తర్వాత ఏడాది పాటు, ఆయన ఆదివారాలు వస్తూ పోతూ, మేము కలిసి పని చేశాం. పేజీని గళ్లుగా ఎలా విడగొట్టాలో, ఒక గడికీ ఇంకో గడికీ మధ్య ఏం వదిలేయాలో నాకు నేర్పింది ఆయనే. బండలు జారే పేజీకి ఆయన పది వాక్యాలు రాసి పంపారు. నేను పేజీ నిండా చిన్నమ్మ చాచిన చెయ్యి ఒక్కటే గీసి, "సార్, ఇందులో మీ మాటలు ఒక్కటి కూడా పట్టవు," అని పంపాను. పావుగంటకు ఫోన్ చేశారు.

"అన్నీ కొట్టేశానమ్మా. ఆ చెయ్యి చాలు," అని నవ్వారు.

అలాంటి రోజులు కొన్ని ఉన్నాయి. అవి ఉన్నాయి కాబట్టే తర్వాత జరిగింది అంత మంటపెట్టింది.

మొదటి పుస్తకం ప్రమాదంతో మొదలై, మేస్త్రి చిన్నమ్మ పేరు కొట్టేయడంతో ఆగిపోతుంది; అందులో మేస్త్రి ముఖం లేదు, పెన్ను పట్టిన చెయ్యి ఒక్కటే. కడపలో ఒక చిన్న హాలులో ఆవిష్కరణ పెట్టారు. అమ్మకు కొత్త చీర కట్టించి తీసుకెళ్లాను. పుస్తకం నా చేతికి మొదటిసారి అక్కడే వచ్చింది. అట్ట మీద నా బొమ్మ. దాని పైన ఆయన పేరు, ఒక్కటే, బండ మీద చెక్కినంత పెద్దగా. నా పేరు కోసం వెతికాను. చివరి పేజీలో, ప్రెస్సు అడ్రసుకు పైన, సన్న అక్షరాల్లో "బొమ్మల సహకారం" అని రాసి పక్కన ఉంది. అందులో కూడా ఇంటిపేరు తప్పు పడింది.

వేదిక మీద ఆయన చాలాసేపు మాట్లాడారు. నడుమ, "ఆ తల్లికి మాట లేదు. ఆమె మౌనానికి నేను మాటనిచ్చాను," అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. అమ్మ మూడో వరసలో నా పక్కనే కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ వేదిక మీదికి పిలవలేదు.

సభ అయ్యాక హాలు వెనక ఆయనను పట్టుకుని అడిగాను.

"సార్, అట్ట మీద నా పేరు ల్యాదే?"

ఆయనకు కోపం రాలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు. "చూడమ్మా, కథ ఎవరిదైతే అట్ట మీద వాళ్ల పేరు ఉంటుంది. సినిమాకు డైరెక్టర్ పేరు ఉంటుంది కదా. కెమెరా పట్టుకున్నాయన పేరు పోస్టరు మీద పెద్దగా వేస్తారా?"

"కథ మా అమ్మది గదా సార్."

"మీ అమ్మ చెప్పింది జరిగిన సంగతి. దాన్ని కథ చేసింది నేను," అని, ఎవరో పిలిస్తే అటు వెళ్లిపోయారు.

తిరుగు బస్సులో మైదుకూరు దాటేదాకా అమ్మ ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాకు మాట ల్యాదంట," అని ఒక్కసారి చిన్నగా నవ్వింది. ఓర్వకల్లు రాళ్లగుట్టలు వచ్చేదాకా మళ్లీ కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. నేను ఆమె పక్కన కూర్చుని, ఆయనను ఏం చేస్తే ఈ మంట చల్లారుతుందా అని ఆలోచిస్తూ వచ్చాను. అప్పటికి ఏమీ తోచలేదు.

అదే నెలలో ఆయన రెండో పుస్తకం రాసి ఫోనుకు పంపారు. చదవడం మొదలుపెట్టాను. ఆడవాళ్లు ఏం చేయాలో తెలియక గని దగ్గర ఏడుస్తూ కూర్చుంటారు. అప్పుడు ఒక యువ ఉపాధ్యాయుడు వస్తాడు. కళ్లద్దాలు, భుజాన గుడ్డ సంచి. వాళ్లకు హక్కుల గురించి చెప్తాడు. బండ మీద పేరు రాయాలన్న ఆలోచన అతనిది. సుద్దముక్క పట్టుకుని రాసేది కూడా అతనే.

ఆయనకు ఫోన్ చేశాను.

"సార్, మా ఊరి గనికి అయ్యవారు ఎవురూ రాల్యా. ఆ పేరు రాసింది నేను."

"తెలుసమ్మా. కానీ ఎనిమిదేళ్ల పిల్ల రాసిందంటే పాఠకుడు నమ్మడు. ఇంకొకటి, జనంలో కదలిక రావాలంటే బయటినుంచి ఒక చైతన్యం రావాలి. అది కథకు అవసరం."

"మా అమ్మోళ్లకు ఎవురూ చెప్పల్యా సార్."

"నువ్వు బొమ్మ చూసుకో. కథ నేను చూసుకుంటాను," అన్నారు.

 "సరే సార్" అన్నాను. ఆయన నేను ఒప్పుకున్నాననుకున్నారు. సంతోషించారు కూడా. "అదీ సంగతి," అన్నారు. ఏం చేయాలో నాకు ఆ ఫోను పెట్టేసిన నిమిషంలోనే తోచింది.

ఆయన పని పద్ధతి నాకు బాగా తెలుసు. నేను ముందు పెన్సిలుతో పేజీ మొత్తం గీసి పంపుతాను. అప్పటికి మనుషులకు ముఖాలుండవు, గుడ్డులాంటి గుండ్రాలే ఉంటాయి. ఎవరెక్కడ నిలబడ్డారో చూసి ఆయన సరే అంటారు. తర్వాత నేను ఇంకుతో గీసి, మాటలు చేత్తో రాసి, స్కాను చేసి పంపుతాను. అప్పుడు ఆయన చూసేది మాటలే. ఒత్తులు, దీర్ఘాలు. బొమ్మ ఆయనకు మాటల వెనకాల వేలాడే తెర. ఆ ఏడాదిలో ఒక్కసారి కూడా ఆయన ఫలానా మనిషి ముఖం బాగుందని గానీ బాగాలేదని గానీ అనలేదు.

నేను మేస్త్రికి ఆయన ముఖం పెట్టాను.

ముఖం పట్టడం నా జీవనోపాధి. పెళ్లికొడుకును నాలుగు గీతల్లో గుర్తుపట్టేలా గీయకపోతే జాకెట్టు వెనక్కి వస్తుంది. సారుది చిన్న గడ్డం. ఎడమ కనుబొమ్మ కుడిదానికన్నా కొంచెం పైన ఉంటుంది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే వాళ్ల నెత్తి మీదుగా గోడను చూస్తారు, రెండు వేళ్లతో చేతి గడియారాన్ని తడుముతుంటారు. పెన్ను జేబులో పెట్టరు, చొక్కా గుండీల మధ్య గుచ్చుకుంటారు. ఆయన మా ఇంట్లో కూర్చున్న ఆదివారాలన్నీ నాకు పనికొచ్చాయి. రెండో పుస్తకంలో మేస్త్రి యాభైకి పైగా గళ్లలో కనిపిస్తాడు. ఒక్క గడిలో కూడా చేతి వేళ్లు తప్పుగా గీయలేదు.

నాలుగు నెలలు పట్టింది. పగలు జాకెట్ల పని చూసుకుంటూ, మధ్యాహ్నం వెలుతురు బాగున్నప్పుడు రెండు గంటలు ఇది. అంత ఇష్టంగా నేను ఏ పనీ చేయలేదు. మేస్త్రి హాజరు పుస్తకం తెరిచి చూపించే పేజీకి మూడు రోజులు తీసుకున్నాను. గడియారం మీద రెండు వేళ్లు, పైకి లేచిన కనుబొమ్మ, పేరు కొట్టేసిన గీత మీద ఆనించిన పెన్ను. ఉపాధ్యాయుడికి మాత్రం ఎవరి ముఖమూ పెట్టలేదు. షాపుల్లో ఇచ్చే క్యాలెండర్ల మీద ఉండే మగవాళ్ల ముఖం ఒకటి పెట్టి వదిలేశాను. రాసినవి రాసినట్టు, ఒక్క మాట మార్చకుండా గీశాను. సార్ అడిగిందేదీ తక్కువ చేయలేదు.

పేజీలన్నీ పంపాక మర్నాడు ఆయన ఫోన్ చేశారు. 

"అంతా బాగుందమ్మా. తొమ్మిదో పేజీలో ఒక ఒత్తు పోయింది. చూడు."

తొమ్మిదో పేజీ అంటే మేస్త్రి ముఖం పేజీ నిండా ఉన్న చోటు. ఆయన తన ముఖం కింద ఒత్తు వెతుక్కున్నారు. ఫోను పెట్టేశాక నేను గట్టిగా నవ్వాను. లోపలి గదిలోంచి అమ్మ, "ఏందిమే, ఒక్కదానివే నవ్వుతాండావు?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆమెకు అప్పటికి నేనేమీ చూపించలేదు. కంటికి శుక్లాల ఆపరేషను అయింది, అద్దాలు రావాలి అని సాకు పెట్టుకున్నాను.

రెండో ఆవిష్కరణ కూడా అదే హాలులో, ఒక ఆదివారం పొద్దున. ఈసారి ఆయన కాలేజీ పిల్లలు బాగా వచ్చారు. ముందు వరసలు వాళ్లవే. ఒక చివర ఆయన భార్య కూర్చున్నారు. అట్ట మీద మళ్లీ ఆయన పేరొక్కటే.  చూసి సంతోషపడ్డాను. నా పేరు కూడా వేసి ఉంటే, చేసినదానికి నొచ్చుకునేదాన్నేమో అనే అనుమానం కూడా తీరిపోయింది.

పుస్తకాలు పంచారు. సార్ మాట్లాడుతున్నారు. మొదట ఒక అమ్మాయి పేజీ తిప్పి, వేదిక వైపు చూసి, మళ్లీ పేజీ చూసి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కదానికి చూపించింది. అక్కడినుంచి గుసగుస వెనక వరసకు పోయింది. పేజీలు తిప్పే చప్పుడు ఎక్కువైంది. సార్ అది కథ మీద ఆసక్తి అనుకుని గొంతు పెంచారు.

"ఈ మేస్త్రి ఒక మనిషి కాదు. ఇలాంటి మేస్త్రి మన మధ్యనే ఉన్నాడు. మన పక్కనే తిరుగుతున్నాడు," అన్నారు. ఎడమ చేతి గడియారం మీద రెండు వేళ్లు పెట్టుకుని అన్నారు.

హాలంతా నవ్వింది. ఆపుకుందామని చూసి ఆపుకోలేక నవ్విన నవ్వు. ఆయన ఆగిపోయారు. బల్ల మీద ఉన్న పుస్తకం తెరిచారు. నేను గోడ పక్కన నిలబడి ఆయననే చూస్తున్నాను. ముందు ఆయనకు అర్థం కాలేదు. రెండు పేజీలు తిప్పారు. మెడ దగ్గర మొదలై ఎరుపు చెవులదాకా పాకింది. తలెత్తి హాలులో నాకోసం వెతికారు. చూపు కలిసింది. ఆయన నా నెత్తి మీదుగా గోడను చూడకుండా నా కళ్లలోకి చూసిన మొదటిసారి అదే.

ఆయన ప్రసంగం పూర్తి చేశారు. అది మాత్రం చెప్పుకోవాలి. చివరిదాకా మాట్లాడి కూర్చున్నారు. ఆయన భార్య నవ్వలేదు. పుస్తకం మూసి, సంచిలో పెట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆమెను చూసి నాకు ఒక్క క్షణం ఎలాగో అయింది. ఒక్క క్షణమే.

మూడు రోజులకు ఆయన కర్నూలు వచ్చారు. ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చున్నారు. టీ ఇచ్చాను. తాగలేదు.

"నన్ను మేస్త్రిని చేశావు," అన్నారు.

"బొమ్మల సహకారం సార్. అంతే."

ఆయన తల దించుకున్నారు. "అట్ట మీద పేరు కావాలంటే గట్టిగా అడిగి ఉండాల్సింది. వేసేవాణ్ణి."

"అడిగినా సార్. మీరు సినిమా అన్న్యారు."

"కాలేజీలో బోర్డు మీద రాస్తున్నారు. నేను క్లాసుకు పోయేటప్పటికి మేస్త్రి అని రాసి ఉంటుంది. చెరిపేసి పాఠం మొదలుపెట్టాలి." టీ గ్లాసు పక్కకు జరిపారు. "పుస్తకం ఆపేద్దామనుకున్నాను. ఆపితే అది నేనేనని ఒప్పుకున్నట్టు అవుతుంది."

"అవును సార్. నేనూ అదే అనుకున్యా."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. "నీకు ఇంత ఉందని నాకు తెలియదమ్మా," అన్నారు. మెచ్చుకున్నారో తిట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత మేము మాట్లాడుకోలేదు. ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ, చల్లారిన టీ నేనే తాగేశాను. ఆ పూట అన్నం బాగా తిన్నాను.

అమ్మ లోపలినుంచి అంతా వింది. అద్దాలు అప్పటికి వచ్చేశాయి. "ఆ పుస్తకం తే," అంది.

కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్క బొమ్మనే వేలితో తడుముతూ చూసింది. చదువు రాదు కాబట్టి ఆమె బొమ్మలే చూస్తుంది, ఏదీ దాటేయదు. తొమ్మిదో పేజీ దగ్గర ఆగింది.

"వీడెవుడు?"

"మేస్త్రి."

"మేస్త్రి ఇట్ల ల్యాడు. ఇది ఆ సారు ముఖం గదా."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"మేస్త్రి శానా అందగాడు పాపా. సన్న మీసం. వాడు నవ్వితే మనకూ నవ్వొచ్చేది. ఎండలో ఉంటే నీళ్లు తాగి రాపోమ్మా అనేవాడు. అందుకే వాన్ని అన్ని దినాలు నమ్మినాం. పుస్తకంలో వాడు ఏం రాస్తాండాడో ఒగరం కూడా అడగల్యా." పేజీ మీద వేలితో కొట్టింది. "ఇట్లాంటి ముఖం ఉన్నోన్ని చూస్తే మొదటి దినమే తెలిసిపోయేది. వీనికి మేమెందుకు మోసపోతాం?"

ఆమె పేజీలు తిప్పుతూ బండ దగ్గరికి వచ్చింది. సుద్దముక్క పట్టుకున్న కళ్లద్దాల మనిషిని చూసింది.

"ఇది నువ్వు గదా రాసింది?"

"సారు అట్ల రాసినాడుమా."

"గీసింది ఎవురు?"

 ఆమె పుస్తకం మూసి నా చేతికిచ్చింది. "నీ పగ నువ్వు తీర్చుకున్నావులే. బాగుండాది. దానికి నా మేస్త్రి ఎందుకు? చిన్నమ్మకు ఇది నేను చూపీను," అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు పీకింది. సారు మీద చేసిన దానికి కాదు. అది మళ్లీ చేయాల్సి వస్తే మళ్లీ చేస్తాను. కానీ ఆ ఉపాధ్యాయుడి గురించి నేను ఒక్క ఫోనులో ఓడిపోయి ఊరుకున్నాను. ముఖం పెట్టే పని దొరికింది కదా అని సంతోషంగా ఊరుకున్నాను. బండ మీద మోకాళ్లేసుకున్న ఎనిమిదేళ్ల పిల్లను ఆయన తీసేశారు, ఆమె చోట క్యాలెండరు ముఖాన్ని గీసి ఇచ్చింది మాత్రం నా చెయ్యే.

ఒక వారం తర్వాత కొత్త కాగితాలు తెచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. "మేస్త్రి ఎట్ల ఉండెనో చెప్పు," అన్నాను.

మొదటి రోజు పదకొండు ముఖాలు గీశాను. "మీసం ఇంకా సన్నం." "కండ్లు అట్ల కాదు, నిద్ర లేచినట్ల ఉండేవి." "నవ్వు ఎక్కువైంది, వాడు సగమే నవ్వుతాడు." నాలుగో రోజు ఒక ముఖం చూసి అమ్మ అద్దాలు తీసేసి పక్కన పెట్టింది. "వీడే," అంది. 

రెండు పుస్తకాలనూ కలిపి మొత్తం మళ్లీ గీశాం. మాటలు అమ్మ చెప్పినవే, ఆమె నోట్లో ఎలా పలికితే అలాగే మాటల బుడగల్లో రాశాను. ఏ ఉపాధ్యాయుడూ రాలేదు. ఎవరూ ఏడుస్తూ కూర్చోలేదు. ఎక్కడైనా నేను ఎక్కువ గీస్తే అమ్మ ఊరుకునేది కాదు. "అంత ఏడుపు ముఖం ఎందుకు పెడ్తాండావు? ఆ పొద్దు మేం జొన్నరొట్టె తిన్నాం, నవ్వుకున్నాం కూడా," అనేది. అట్ట మీద ఎవరి పేర్లు వేద్దామంటే నాది, ఆమెది, చిన్నమ్మది, మూడూ వేయమంది. వీధి చివర జిరాక్సు షాపులో కాపీలు తీయించి, నడుమ పిన్నులు కొట్టుకున్నాం. ప్రెస్సు లేదు, సభ లేదు.

మొదటి కాపీ తీసుకుని ఇద్దరం ఊరికి వెళ్లాం. చిన్నమ్మ ఇంటి ముందు చిన్న అంగడి పెట్టుకుంది. చంక కర్రలు గోడకు ఆనించి, నాపరాతి అరుగు మీద కూర్చుని ఉంది. అమ్మ పుస్తకం ఆమె ఒళ్లో పెట్టి, బొమ్మ బొమ్మకూ ఏం జరిగిందో చెప్పుకుంటూ పోయింది. బండలు జారే చోట చిన్నమ్మ పేజీ త్వరగా తిప్పేసింది. మేస్త్రి దగ్గర ఆగింది.

"ఈడే ఉండాడే," అంది. పేజీని దగ్గరికి తీసుకుని చూసింది. "బతికుండాడా వీడు?"

"నంద్యాలలో కొడుకు కాడ ఉండాడంట," అంది అమ్మ.

"కండ్లు కనపడ్తాయా?"

"ఏమో మే, తెలీదు."

"కనపడేటప్పుడే ఒగటి ఇచ్చి రాపోండి," అంది చిన్నమ్మ. ఆ తర్వాత అంగడికి ఎవరో బెల్లం కోసం వస్తే అటు తిరిగింది.

అడ్రసు కనుక్కోవడానికి అమ్మకు రెండు వారాలు పట్టింది. నేనొక్కదాన్నే వెళ్లాను. తెల్ల సున్నం కొట్టిన మామూలు ఇల్లు. కోడలు తలుపు తీసింది. ఆమె వెనక, వసారాలో నులక మంచం మీద ఒక ముసలాయన కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. మీసం తెల్లగా, సన్నగా ఉంది. అమ్మ నాతో గీయించిన ముఖం అదే. కళ్లద్దాలు కూడా లేవు.

"ఎవురు మీరు?" అని కోడలు అడిగింది.

"గనిలో పనిచేసినోళ్ల బిడ్డను. మీ మామకు ఇది ఇచ్చి పోదామని వచ్చినా," అన్నాను. పుస్తకం ఆమె చేతిలో పెట్టాను. ఆమె నవ్వి, లోపలికి వచ్చి కూర్చోమంది. వద్దని, ఎండగా ఉంది, మెట్ల మీద కాసేపు కూర్చుని పోతానన్నాను.

తలుపు తెరిచే ఉంది. "ఎవరో పాత గని మనుషులంట మామా, బొమ్మల పుస్తకం," అని ఆమె చెప్పడం వినిపించింది. ఆయన ఏదో సంతోషంగా అన్నాడు. పేజీలు తిప్పే చప్పుడు మొదలైంది. ఒకటి, ఇంకొకటి, నెమ్మదిగా. నేను వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. కోడలు, "ఏమైంది మామా?" అని అడిగింది.  నేను లేచి, చీర దులుపుకుని, బస్టాండు వైపు నడిచాను.